చూసినవాళ్లు రాయాల్సిన ఉత్తరం

అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసే తెలుగు విద్యార్థులు జీఆర్‌ఈకి నెలల తరబడి చదువుతారు. టోఫెల్‌కో ఐఈఎల్‌టీఎస్‌కో కోచింగ్ తీసుకుంటారు. తమ గురించి తాము రాసుకునే ఎస్‌ఓపీని పదిమందికి చూపించి మళ్లీ మళ్లీ తిరగరాస్తారు. ఎల్‌ఓఆర్, అంటే సార్లు ఇచ్చే సిఫార్సు ఉత్తరం, దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధంతా పోతుంది. సీనియర్ పంపిన వర్డ్ ఫైల్లో పేరూ ప్రాజెక్టు టైటిలూ మార్చడం, కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీయడం, హెచ్‌ఓడీ తీరిగ్గా ఉన్న సమయం చూసి సంతకం పెట్టించుకోవడం. ఎక్కువమందికి రికమండేషన్ లెటర్ అంటే ఇంతే. కన్సల్టెన్సీకి డబ్బు కట్టినవాళ్లకు ఆ మాత్రం శ్రమ కూడా ఉండదు. ముగ్గురు సార్ల పేర్లతో మూడు ఉత్తరాలు అక్కడే తయారవుతాయి.

ఇది తప్పు అన్న ఆలోచన చాలామందికి రాదు. రాకపోవడానికి మన చదువుల తీరే కారణం. ఇంటర్ నుంచి ఇంజినీరింగ్‌కి వెళ్లాలంటే ఈఏపీసెట్ ర్యాంకు, రిజర్వేషన్ కేటగిరీ, వెబ్ ఆప్షన్లు చాలు. ఐఐటీకి జేఈఈ, మెడిసిన్‌కి నీట్. ఈ పిల్లవాడు ఎలా ఆలోచిస్తాడు, కష్టమైన లెక్క ఎదురైతే ఏం చేస్తాడు అని అతనికి పాఠం చెప్పిన టీచర్‌ని అడిగేవాళ్లు ఈ దారిలో ఎక్కడా ఎదురుకారు. టీసీలో నడవడిక అనే గడి ఒకటి ఉంటుంది, అందులో దాదాపు అందరికీ ఒకే మాట రాసిస్తారు. పదహారేళ్లు ఇలా చదివి వచ్చినవాళ్లకు ఎల్‌ఓఆర్ కూడా స్టడీ సర్టిఫికెట్, కాండక్ట్ సర్టిఫికెట్ పక్కన పెట్టాల్సిన ఇంకో కాగితంలా కనిపించడం సహజం.

అవతలివాళ్లు అడుగుతున్నది మాత్రం వేరు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి అబ్బాయి నాన్న చెప్పింది విని ఊరుకోం. పక్కింటివాళ్లనీ, ఆఫీసులో కలిసి పనిచేసేవాళ్లనీ వాకబు చేస్తాం. అడ్మిషన్ కమిటీ చేసేది ఆ వాకబే. మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి. విద్యార్థి తన గురించి చెప్పుకోవాల్సింది ఎస్‌ఓపీలో చెప్పుకున్నాడు. ఇక మిగిలింది, పక్కనుండి చూసిన మూడో మనిషి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని కూడా విద్యార్థే రాసి పంపితే కమిటీ చేతిలో ఉన్నవి రెండు ఎస్‌ఓపీలు. రెండోదాని వల్ల వాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ఏర్పాటు మొత్తం ఈ మూడో మనిషి చుట్టూనే ఉంటుంది. సాధారణంగా ఎమ్మెస్‌కి రెండు లేదా మూడు ఉత్తరాలు అడుగుతారు. విద్యార్థి పోర్టల్‌లో ప్రొఫెసర్ పేరు, హోదా, ఈమెయిల్ ఇస్తాడు. యూనివర్సిటీ నుంచి నేరుగా ఆ ప్రొఫెసర్‌కి లింక్ వెళ్తుంది. అక్కడ ఉత్తరం అప్‌లోడ్ చేసే ముందు చాలా చోట్ల ఒక ఫారం నింపాలి. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు, మీరు చదువు చెప్పినవాళ్లలో ఇతను పై ఐదు శాతంలో ఉంటాడా, పది శాతంలోనా, పాతికలోనా? ఒకప్పుడు ఉత్తరాన్ని కవర్లో పెట్టి అంటించి, అతికించిన చోట అడ్డంగా సంతకం చేసి ఇచ్చేవారు. విద్యార్థి మధ్యలో విప్పి చూడకూడదన్నదే అప్పుడూ ఇప్పుడూ ఉద్దేశం.

దీనికి సంబంధించిన ఒక ప్రశ్నని మనవాళ్లు దాదాపు చదవకుండానే టిక్ చేసేస్తారు. 1974లో అమెరికా చేసిన ఫెర్పా చట్టం విద్యార్థికి తన చదువు రికార్డులు చూసుకునే హక్కు ఇచ్చింది. యూనివర్సిటీలో చేరాక తన ఫైల్లో ఉన్న సిఫార్సు ఉత్తరాలను కూడా అడిగి చూడొచ్చు. ఆ హక్కును వదులుకుంటున్నారా లేదా అని అప్లికేషన్‌లోనే అడుగుతారు. వదులుకోవడం తప్పనిసరి కాదు. కానీ విద్యార్థి ఎప్పటికీ చూడడని తెలిసి రాసిన ఉత్తరాన్నే కమిటీలు ఎక్కువగా నమ్ముతాయి కాబట్టి దాదాపు అందరూ వదులుకుంటారు. తానే టైప్ చేసిన ఉత్తరాన్ని చూసే హక్కు వదులుకుంటున్నానని ఒప్పుకోవడంలో అర్థం లేదని ఆ క్షణంలో ఎవరికీ తట్టదు.

ఈ ఉత్తరాల పద్ధతి మచ్చలేనిదేమీ కాదు. గత శతాబ్దం తొలి రోజుల్లో హార్వర్డ్‌లో ప్రవేశం ప్రధానంగా పరీక్ష మీదే నడిచేది. ఆ పరీక్ష బాగా రాసి యూదు కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో చేరసాగారు. 1920ల మొదట్లో వాళ్ల వాటా ఐదో వంతు దాటింది. అప్పటి అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కి ఇది నచ్చలేదు. 1922లో యూదులకు కోటా పెట్టాలని ప్రతిపాదించాడు. గొడవ జరిగి అది నేరుగా సాగలేదు. కొన్నేళ్లలో దొడ్డిదారి దొరికింది. మార్కులతో పాటు ‘క్యారెక్టర్’ కూడా చూడాలన్నారు, ఫొటో అడిగారు, ఇంటి వివరాలు అడిగారు, సిఫార్సు ఉత్తరాలకు బరువు పెంచారు. యూదు విద్యార్థుల వాటా మళ్లీ పడిపోయింది. మనిషిని మొత్తంగా చూస్తాం అన్న మాట వెనుక, కావాల్సినవాళ్లని తీసుకుని వద్దనుకున్నవాళ్లని ఆపే వీలు కూడా ఉంటుంది. ర్యాంకు పద్ధతిలో పెరిగిన మనకు ఉత్తరాల మీద అనుమానం కలిగితే ఆ అనుమానానికి చరిత్రలో ఆధారం ఉంది. రైతు కూలీ కొడుకు ర్యాంకు తెచ్చుకుంటే సీటు ఇవ్వనని ఎవరూ అనలేరు. ఈ భరోసా చిన్నది కాదు.

కానీ ర్యాంకుకి అందని మనుషులు కూడా ఉంటారు. మన పక్క రాష్ట్రంలోనే, మన నెల్లూరుతో కూడా ముడిపడి, అందుకు పెద్ద ఉదాహరణ ఉంది. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పరీక్ష తప్పాడు. కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోయింది, తర్వాత మద్రాసులోనూ గట్టెక్కలేదు. మార్కులే చూసుంటే ఆ కథ అక్కడితో ఆగిపోయేది. 1910లో అతను తన నోటు పుస్తకాలు పట్టుకుని నెల్లూరులో కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు దగ్గరికి వెళ్లాడు. గణితం తెలిసిన ఆ కలెక్టరు వాటిని చూసి, నెలనెలా కొంత డబ్బు ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా పనికి అర్జీ పెట్టినప్పుడు ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫార్సు తోడైంది. 1913 ఫిబ్రవరిలో వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ మద్రాసు యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. రామానుజన్ పనిలోని కొత్తదనం కేంబ్రిడ్జిలో గణిత ఫెలోల పనితో పోల్చదగ్గదని ఆయన చెప్పాడు. డిగ్రీ లేని ఆ కుర్రాడికి యూనివర్సిటీ నెలకు 75 రూపాయల రీసెర్చ్ స్కాలర్‌షిప్ రెండేళ్లకు ఇచ్చింది.

వాళ్లు ఎవరూ ఊరికే మంచివాడని రాసిచ్చినవాళ్లు కాదు. నోటు పుస్తకాలు తిరగేసి, అందులో ఏముందో అర్థం చేసుకున్నంత మేరకు చెప్పారు. 1948లో కార్నెగీ టెక్ ప్రొఫెసర్ రిచర్డ్ డఫిన్ తన విద్యార్థి, తర్వాత పెద్ద గణితవేత్తగా పేరు తెచ్చుకున్న జాన్ నాష్ గురించి ప్రిన్స్‌టన్‌కి రాసిన ఉత్తరం ఈ విషయంలో తరచూ గుర్తుచేస్తుంటారు. అది మూడే వాక్యాల ఉత్తరం. నాష్ మీ దగ్గర చేరాలనుకుంటున్నాడు, వయసు పంతొమ్మిది, జూన్‌లో చదువు పూర్తవుతుంది, అతను గణితంలో మేధావి. అంతే. అంత చిన్న ఉత్తరం పనిచేయడానికి కారణం, రాసిన మనిషి మాట ఎంతవరకు నమ్మొచ్చో చదివేవాళ్లకు తెలియడం. గుంటూరు పక్కనో కరీంనగర్ పక్కనో ఉన్న కాలేజీ నుంచి వచ్చే ఉత్తరానికి ఆ వెసులుబాటు లేదు. అక్కడి సార్ ఎవరో, ఆయన ‘బెస్ట్ స్టూడెంట్’ అంటే ఎంతమందిలో బెస్టో అమెరికాలో చదివేవాళ్లకు తెలియదు. వాళ్లు పట్టుకోగలిగేది ఉత్తరంలో ఉన్న సంగతుల్నే. కాబట్టి పేరున్న చోటి ఉత్తరం కన్నా మన కాలేజీల ఉత్తరంలోనే వివరం ఎక్కువ ఉండాలి. జరుగుతున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం.

వివరం అంటే ఏమిటో ఒక నమూనా చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఒక ఉత్తరంలో ఇలా ఉందనుకుందాం: ‘ఈ విద్యార్థి చాలా తెలివైనవాడు, క్రమశిక్షణ కలవాడు, నేర్చుకోవాలన్న తపన ఉన్నవాడు, మీ ప్రతిష్ఠాత్మక సంస్థకు వన్నె తెస్తాడు.’ ఇంకోదానిలో ఇలా: ‘ఐదో సెమిస్టర్ డేటాబేస్ ల్యాబ్‌లో ఇచ్చిన పని ముగించాక అందరూ వెళ్లిపోయారు. తన క్వెరీ పెద్ద టేబుల్ మీద ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో తెలియక ఈమె ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత కారణం కనుక్కుని వచ్చి, నేను ల్యాబ్ మాన్యువల్‌లో ఇచ్చిన పద్ధతి కన్నా మెరుగైనది చూపించింది. ఆ మాన్యువల్‌ని ఆ మేరకు మార్చాను. రాతపరీక్షల్లో ఈమె మార్కులు మధ్యస్థమే.’ మొదటిదానిలో ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. రెండోదానిలో మధ్యస్థం అన్న మాట ఉన్నా, దానివల్లే మిగతాదంతా నమ్మబుద్ధవుతుంది. కాలేజీ చదువులో నిజంగా మంచి విద్యార్థులు ఇలాంటి చిన్న సంఘటనలు ఎన్నో మిగిల్చి వెళ్తారు. ఎవరూ రాయకపోవడం వల్ల అవి మరుగున పడిపోతున్నాయి. ఈ మొత్తం వ్యవహారంలో బాధపడాల్సిన నష్టం ఇదే.

ఉత్తరాలు అసలు పనికొస్తాయా అన్నదాని మీద లెక్కలు కూడా ఉన్నాయి. మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2014లో అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. చేరాక వచ్చే మార్కుల్ని అంచనా వేయడంలో ఉత్తరాల బలం తక్కువే. డిగ్రీ పూర్తిచేస్తారా మధ్యలో మానేస్తారా అన్న విషయంలో మాత్రం, పరీక్ష స్కోర్లూ పాత మార్కులూ చెప్పలేనిది ఉత్తరాలు కొంత చెప్పగలిగాయి. కష్టం వచ్చినప్పుడు వదలకుండా నిలబడే గుణాన్ని దగ్గరగా చూసినవాళ్లే పసిగట్టగలరు కాబట్టి ఇది ఆశ్చర్యం కాదు.

రాసేవాళ్ల పక్షపాతం గురించిన లెక్కలు ఇంత ఊరటగా లేవు. అమెరికాలో ఒక పెద్ద వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాలకు వచ్చిన మూడు వందలకు పైగా ఉత్తరాల్ని పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడవాళ్ల గురించి రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి, సందేహం కలిగించే వాక్యాలు వాటిలో ఎక్కువ. 2016లో భూవిజ్ఞాన రంగంలో 54 దేశాల నుంచి వచ్చిన 1,224 ఉత్తరాల్ని చూశారు. అద్భుతం అనిపించే ఉత్తరం దొరికే అవకాశం మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లకు సగమే ఉంది. మన కాలేజీల్లో అమ్మాయిల గురించి రాసే ఉత్తరాలు చూస్తే వినయం, ఓపిక, హాజరు, టీచర్ల పట్ల గౌరవం ముందు వస్తాయి. ఆమె రాసిన కోడ్, వేసిన ప్రశ్న, కట్టిన సర్క్యూట్ వెనకబడతాయి. రాసే సార్లకు అది పొగడ్తే. చదివే చోట అది ఆమె సామర్థ్యం గురించి ఏమీ చెప్పని మాట. పోనీ యంత్రం చేత రాయిద్దామంటే అదీ ఈ అలవాటునే నేర్చుకుంది. చాట్‌జీపీటీ లాంటివి రాసిన ఉత్తరాల్లో మగ పేర్లకు నాయకత్వం, ప్రతిభ, ఆడ పేర్లకు ఆత్మీయత, సహృదయం ఎక్కువ కనిపిస్తున్నాయని 2023లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది.

తప్పంతా విద్యార్థుల మీద వేయడం అన్యాయం. జేఎన్‌టీయూ కింద ఉండే అఫిలియేటెడ్ కాలేజీలో సెక్షన్‌కి అరవై మంది అనుకున్నా, కంప్యూటర్ సైన్స్ బ్రాంచిలో నాలుగైదు సెక్షన్లు మామూలైపోయాయి. సిలబస్ యూనివర్సిటీది, పేపరు యూనివర్సిటీది, దిద్దేది వేరే ఎవరో. పాఠం చెప్పిన సార్‌కి తన విద్యార్థి రాసిన సెమిస్టర్ జవాబు చూసే అవకాశమే రాదు. విద్యార్థి సొంతంగా ఏదైనా చేసే సందర్భం మినీ ప్రాజెక్టు, మెయిన్ ప్రాజెక్టు. అవి కూడా హైదరాబాద్ అమీర్‌పేటలోనో మరోచోటో రెడీమేడ్‌గా కొనుక్కుంటే ఇక చూడటానికి మిగిలిందేమిటి? జీతాలు సరిగా అందక సార్లు రెండేళ్లకో కాలేజీ మారుతుంటారు. మారితే పాత కాలేజీ ఈమెయిల్ కూడా పోతుంది. ఇన్ని ఉండగా డిసెంబరు గడువుకు వారం ముందు నలభై మంది వచ్చి నిలబడితే ఆ సార్ ‘డ్రాఫ్ట్ రాసుకుని తీసుకురా, చూస్తాను’ అనడంలో ఆయన ఇబ్బంది అర్థమవుతుంది. నిజానికి అమెరికాలో కూడా ప్రొఫెసర్లు విద్యార్థిని వివరాలు అడుగుతారు. నా దగ్గర ఏ కోర్సు చేశావు, ఏ ప్రాజెక్టు, నేను మరిచిపోయి ఉండగల సంగతులేమిటి అని. ఆ వివరాల కాగితాన్ని బట్టి ప్రొఫెసర్ తన మాటల్లో రాయడం ఒకటి, విద్యార్థి రాసుకొచ్చినదాని కింద చదవకుండా సంతకం చేయడం మరొకటి. గీత ఇక్కడ ఉంది, ఇది సన్నగీత కూడా కాదు.

గీత దాటినవాళ్లలో కొందరు ఇంకా ముందుకు వెళ్తారు. సార్ పేరుతో జీమెయిల్ ఐడీ తెరిచి, లింక్ తామే తెరుచుకుని, ఉత్తరం తామే పెట్టేస్తారు. ‘అందరూ చేస్తున్నదే’ అని కన్సల్టెన్సీలో ధైర్యం చెబుతారు. పట్టుబడితే కన్సల్టెన్సీకి పోయేది లేదు. అప్లికేషన్‌లో ఇచ్చినవన్నీ నిజాలని సంతకం చేసింది విద్యార్థి. అబద్ధమని తేలితే చేరాక కూడా అడ్మిషన్ రద్దుచేసే హక్కు యూనివర్సిటీలు అట్టిపెట్టుకుంటాయి. అడ్మిషన్ పోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్ నిలవదు, బ్యాంకు లోను మాత్రం నిలుస్తుంది. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాని దాటి మొదటి స్థానానికి వచ్చాం. అందులో తెలుగు రాష్ట్రాల వాటా పెద్దది. ఒకే కాలేజీ నుంచి ఏటా పదుల అప్లికేషన్లు ఒకే యూనివర్సిటీకి వెళ్తున్నప్పుడు, ఒకే మూస ఉత్తరాలు చదివేవాళ్లకు అలవాటైపోతాయి. ఆ కాలేజీ నుంచి నిజమైన ఉత్తరంతో వచ్చిన పిల్ల కూడా ఆ అనుమానం మోయాల్సి వస్తుంది.

అన్ని అప్లికేషన్లలోనూ ఎల్‌ఓఆర్ బరువు ఒకటే అనుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు. వందల సీట్లుండి, విద్యార్థే ఫీజు కట్టుకునే కోర్స్‌వర్క్ ఎమ్మెస్‌లో మార్కులే ఎక్కువ మాట్లాడతాయి. కొన్ని ప్రోగ్రాములు ఉత్తరాలు అడగడం లేదు కూడా. థీసిస్ ఎమ్మెస్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, అన్నిటికన్నా పీహెచ్‌డీ, ఇక్కడ ఉత్తరమే తలుపు తీస్తుంది. ఐదేళ్లు తన ల్యాబ్‌లో ఉండబోయే మనిషి గురించి ప్రొఫెసర్ తెలుసుకోవాలనుకునేది మార్కుల షీటులో దొరకదు. చాలా యూనివర్సిటీలు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాక మిగిలిన కాగితాల బరువు ఇంకా పెరిగింది.

అమెరికాలోనే పెరుగుతున్న తెలుగు పిల్లలది కొంచెం వేరే సమస్య. ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపే వీలున్న కామన్ యాప్ ద్వారా అప్లికేషన్లు తీసుకునే మంచి కాలేజీలు సాధారణంగా స్కూల్ కౌన్సెలర్ ఉత్తరంతో పాటు ఒకరిద్దరు టీచర్ల ఉత్తరాలు అడుగుతాయి. ర్యాంకుల్లో పెరిగిన తల్లిదండ్రులు పిల్లలకి అన్ని సబ్జెక్టుల్లో ‘ఏ’ గ్రేడు రావాలని చూస్తారు. క్లాసులో నోరు తెరవకుండా అన్నిటికీ ‘ఏ’ తెచ్చుకున్న పిల్లవాడి గురించి టీచర్ ఏం రాస్తుంది? పదకొండో తరగతిలో ఎక్కువ తడబడి, సందేహాలడిగి, నెమ్మదిగా నేర్చుకున్న సబ్జెక్టు టీచరే తరచుగా మంచి ఉత్తరం రాయగలుగుతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు మామూలుగా ఉత్తరాలు అడగవు, అది వేరే సంగతి. బ్రిటన్‌లో యూనివర్సిటీ దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ 2024 ప్రవేశాల నుంచి టీచర్ రాసే రిఫరెన్సుని మూడు నిర్ణీత భాగాలుగా మార్చింది. పొగడ్తకు చోటు తగ్గించి, స్కూలు గురించి, విద్యార్థి చదువుకు అడ్డొచ్చిన పరిస్థితుల గురించి సూటిగా చెప్పించే ప్రయత్నం అది. మన కాలేజీలకు అలాంటి రూపమే ఎక్కువ నప్పుతుంది. రెండు పేరాల ఇంగ్లిష్ రాయడానికి మొహమాటపడే సార్ కూడా నిర్దిష్టమైన ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాయగలడు. ఉత్తరంలో గొప్ప ఇంగ్లిష్ ఉండాలని ఎవరూ అడగడం లేదు.

కాలేజీ వ్యవస్థ మారేదాకా విద్యార్థి చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటికి సమయం మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం డిసెంబరు కాదు. మినీ ప్రాజెక్టు కొనకుండా, పూర్తికాకపోయినా సరే, సొంతంగా చేసి సార్‌కి వారం వారం చూపించడం. ఉత్తరం కావాలని రెండు నెలల ముందే చెప్పడం, చెప్పేటప్పుడు ‘నా గురించి వివరంగా రాయగలరా సార్, కష్టమైతే చెప్పండి, వేరేవాళ్లని అడుగుతాను’ అని ఆయనకు తప్పుకునే దారి ఇవ్వడం. ఒప్పుకుంటే, డ్రాఫ్ట్ ఇవ్వకుండా ఒక పేజీ వివరాలు ఇవ్వడం: ఏ సెమిస్టర్, ఏ ల్యాబ్, ఏం చేశాను, ఎక్కడ ఫెయిలయ్యాను. ‘నువ్వే రాసుకురా’ అని ఆయన అన్నా, ఈ పేజీ ముందు పెట్టి ‘మీ మాటల్లో నాలుగు ముక్కలు చాలు సార్’ అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినవాళ్లు మేనేజర్‌ని అడగొచ్చు. లెటర్‌హెడ్ మీద ఇవ్వడానికి కొన్ని కంపెనీల నియమాలు ఒప్పుకోవు కాబట్టి అది ముందే కనుక్కోవాలి.

ఎవరిని అడగాలన్న దగ్గర మనవాళ్లు హోదా చూస్తారు. ప్రిన్సిపాల్ లెటర్ ఉంటే బరువని నమ్మి, ఒక్కసారి కూడా మాట్లాడని మనిషి గది ముందు వారం తిరుగుతారు. ప్రాజెక్టు రివ్యూలో ఇది పనిచేయదని మూడుసార్లు తిప్పిపంపిన అసిస్టెంట్ ప్రొఫెసర్ పక్క గదిలోనే ఉంటుంది. మొదటిసారి ఏం తప్పు చేశారో, నాలుగోసారికి దాన్ని ఎలా సరిచేసుకుని వచ్చారో చెప్పగలిగేది ఆవిడే. అడగాల్సింది ఆవిడని.